మేడంకు హూనా, విచ్చా?

కొత్తగ నౌకరీల చేరిన ఇంగ్లిషు సార్లు, మేడంలు ఎవరన్న ఇది చదువుతున్నరనుకోని చెప్తున్న. ‘మనుషులకు హూ, జంతువులకు, వస్తువులకు విచ్’ అని బోర్డు మీద రాసుడు చిటికెల పని. రాసి, చేతులకంటిన సుద్ద దులుపుకొని, ‘సమజైందా?’ అని అడుగుతం. ‘ఎస్ మేడం!’ అని రేకులు లేచిపోయేటట్టు అరుస్తరు. ఆ అరుపును నమ్మకుండ్రి. నేను నమ్మిన. నమ్మినందుకు జిల్లా నుంచి వచ్చిన పెద్ద ఆఫీసర్ ముంగట తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక నిలబడ్డ.

నేను పుట్టింది మహారాష్ట్ర అంచుకున్న సిరోంచల. మాది ప్రాణహిత ఒడ్డుకు వరి పండించుకునే ఇల్లు. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, సినిమాల హిందీ. ఇంగ్లిషు ఎక్కడ మాట్లాడుతరో చంద్రపూర్ల బీఎడ్ చదివేదాక నాకు తెల్వదు. అక్కడ గూడ ఎవరు మాట్లాడలే, పరీక్షల రాసిండ్రు గంతే. అసొంటి నన్ను ఇంగ్లిషు టీచర్‌ని చేసి మా ఊరి హైస్కూలుకే తోలిండ్రు. మా మూలకు పోస్టింగ్ అంటే బయటోళ్ళకు శిక్ష. నాకేమో అది ఇంటి పక్క సందు.

శిక్ష పడ్డోళ్ళల్ల మా హెడ్మాస్టర్ ఒకరు. అమరావతి దిక్కు మనిషి. తెలుగు ముక్క రాదు, అడవి అంటే భయం, దోమ అంటే ఇంకా భయం. ఆయనకు ఇంగ్లిషు మీద మస్తు ప్రేమ. ఇంగ్లిషే ఆయన దగ్గరికి రాకపోతుండె. ఇంకొకామె మరాఠీ మేడం, నాగపూర్ మనిషి. ఆమె కుర్చీ నా కుర్చీ పక్కనే. నోరు కత్తి, మనసు బెల్లం. ముగ్గురం మాట్లాడుకునేది మరాఠీలనే గని, మీ కోసం అంతా మన మాటల్నే చెప్తున్న.

రెండువేల తర్వాతి సంవత్సరాలవి. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వచ్చినయి. సిగ్నల్ కావాలంటే హెడ్మాస్టర్ బడి డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు పక్కన ఒంటికాలు మీద నిలబడేటోడు. పదో తరగతిల నేను అడ్జెక్టివ్ క్లాజులు చెప్తున్న. పేరు పెద్దది గని సంగతి చిన్నది. ఇంగ్లిషోళ్ళు మనిషిని ముందుగాల నిలబెట్టి, ఆయన వెనుక ‘హూ’ అని ఒక కొక్కెం తగిలించి, ఆయన చేసిన పనులన్ని ఆ కొక్కేనికి వేలాడదీస్తరు. మనం గట్ల కాదు. పని ముందుగాల చెప్పి, మనిషిని చివరికి తెస్తం. నిన్న వచ్చిన మనిషి. మనకు కొక్కెం అక్కరనే లేదు.

పిల్లలు ఏం చేసిండ్రు? ఉన్నదున్నట్టు ఇంగ్లిషుల పెట్టిండ్రు. ‘యెస్టర్‌డే కేమ్ మ్యాన్.’ జర కష్టపడి కొక్కెం తగిలించిన ఒకడు, ‘పులి తిన్న మేక’ను ‘ది గోట్ విచ్ ఏట్ ది టైగర్’ చేసి చూపించిండు. వాన్ని తిట్టుదామనుకున్న. మళ్ళ ఆలోచిస్తే వాని తప్పేముంది? పులి తిన్న మేక అంటే ఎవరు ఎవరిని తిన్నరో మన మాటల ఎక్కడున్నది? మేకకు తెలుసు, పులికి తెలుసు, మనకు తెలుసు. ఇంగ్లిషోనికే తెల్వదు.

నేను స్టాఫ్ రూముల తల పట్టుకొని కూసుంటే మరాఠీ మేడం అన్నది, “మీ తెలుగుతోని కాదు బాయి. మా మరాఠీ పట్టుకో. ‘జో మాణూస్ కాల్ ఆలా’ అంటం. ఏ మనిషైతే నిన్న వచ్చిండో ఆ మనిషి. అండ్ల ‘జో’ ఉన్నది చూడు, అదే నీ హూ.”

ఎగిరి గంతేసిన. బడి మరాఠీ బడి, పిల్లలకు మరాఠీ మంచిగ వస్తది. తెల్లారి క్లాసుల ‘జో అంటే హూ’ అని చెప్పిన. పిల్లల మొఖాలు దీపాలు ముట్టిచ్చినట్టు వెలిగినయి. వారం దాటక ముందే క్లాసంత హూలు, విచ్‌లు దంచుతున్నరు. నాకు గర్వం వచ్చింది. మా ఇంటాయనతోని గూడ చెప్పుకున్న. ఆయన అన్నం తినుకుంట తల ఊపిండు.

తర్వాత వాళ్ళు రాసినయి దిద్దుదామని కూసున్న. ‘ది బుల్ హూ ఈజ్ బ్లాక్.’ ‘ది మౌంటెన్ హూ ఈజ్ బిగ్.’ కిందికి పోతే, ‘మై మదర్ విచ్ కుక్స్ రైస్.’ ‘మై సిస్టర్ విచ్ గోస్ టు స్కూల్.’ ఒక్కరు కాదు, మొత్తం క్లాసు గట్లనే రాసింది. ఎద్దుకు హూ, తల్లికి విచ్.

ఏంది కథ అని చూస్తే తెలిసింది. మరాఠీల మగ మాటకు జో, ఆడ మాటకు జీ, రెండు కానిదానికి జే. నేను ‘జో’ ఒక్కటే చెప్పి ఊకున్న. మిగిలిన జీని, జేను పిల్లలు వాళ్ళంతల వాళ్ళే విచ్ దిక్కు నెట్టిండ్రు. మరాఠీల ఎద్దు, కొండ, తల మీద తిరిగే పంఖా అన్ని మొగోళ్ళే, అందుకని అవన్ని హూలు. అమ్మ, అక్క, మేడం విచ్‌లు. ప్రాణహిత గూడ విచ్చే. నది ఆడ మాట గాబట్టి అదొక్కటి అదృష్టం కొద్ది ఒప్పయింది. ఇగ ఇంట్ల తెలుగేమో దీనికి గట్టి మద్దతు. నాయిన వచ్చిండు. అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది. మర్యాదకు ‘వచ్చిండ్రు’ అంటం గని, మర్యాద తీసి పక్కకు పెడితే అమ్మ, బర్రె, బస్సు ఒక్క వరుసల్నే నిలబడ్డరు.

స్టాఫ్ రూముల ఈ ముచ్చట చెప్తే మరాఠీ మేడం పడి పడి నవ్వింది. “మీరు ఆడోళ్ళను బర్రెలల్ల కలిపిండ్రు, పిల్లల తప్పేముంది?”

“మీరు పంఖాను మొగోన్ని చేసిండ్రు, దానికేమంటవ్?” అన్న నేను.

హెడ్మాస్టర్ పెద్దరికం చేసుకుంట నడుమ దూరిండు. “ఆగుండ్రి. హూ అంటే రెస్పెక్ట్, విచ్ అంటే నో రెస్పెక్ట్. గంతే.”

“మరి మీ ఇంట్ల పంఖాకు రెస్పెక్ట్ ఉన్నదా సర్?” అని మరాఠీ మేడం అడిగింది.

ఆయన నిజంగనే ఆలోచించి, “ఎండకాలంల ఉంటది,” అన్నడు.

తెల్లారి క్లాసుల గట్టిగ చెప్పిన. ఆడోళ్ళు గూడ మనుషులే, ఆడోళ్ళకు గూడ హూనే అని. ‘ఎస్ మేడం’ అని అరిచిండ్రు. అందరు అరిచిండ్రు గని, ఒక పిల్ల ఆ రోజు క్లాసుల లేదు. మలేరియా పట్టి హాస్టల్ల పండుకొని ఉన్నది. ఆమె లేదన్న సంగతి నేను పట్టించుకోలే.

ఆ పిల్లది జిమల్‌గట్ట అవతల అడవిల ఒక చిన్న ఊరు. ఇంట్ల గోండి మాట్లాడుతరు. హాస్టల్ల ఉండుకుంట తెలుగు, బడిల మరాఠీ నేర్చుకున్నది. ఇంగ్లిషు నాలుగో భాష. పొడుగ్గ ఉండేది, తక్కువ మాట్లాడేది, మాట్లాడితే మాత్రం నన్ను పరేషాన్ చేసేది. “మేడం, హూ అంటే ఎవరు అని అడుగుడు కదా. నడుమల వస్తే ప్రశ్న గుర్తు ఎందుకు పెట్టం?” అని ఒకసారి అడిగితే, జవాబు రేపు చెప్త అన్న. ఆ రేపు ఇప్పటికి రాలే.

ఆ చలికాలంల కబురొచ్చింది. నాగపూర్ల ఉండి చదువుకునే కాలేజీకి, తిండి, బట్ట, పుస్తకాలు అంతా వాళ్ళే చూసుకునే జాగకు, మా బడి నుంచి ఒక్కరిని తీసుకుంటరట. ఎవరిని తీసుకోవాల్నో చూసేటందుకు జిల్లా కేంద్రం గడ్చిరోలి నుంచి పెద్ద సాహేబ్ వస్తున్నరు. ఇంగ్లిషు వస్తదా రాదా అన్నదే ముఖ్యం. నేను, మరాఠీ మేడం ఆ పిల్ల పేరు చెప్పినం. హెడ్మాస్టర్‌కు మాత్రం మా ఊరి కిరాణ దుకాణం సేటు కొడుకు మీద మనసు. వాడు మంచోడే. ఏది ఇచ్చినా బట్టీ పట్టి, కామాలతో సహా అప్పజెప్పేటోడు.

“ఇద్దరిని చూపిద్దాం,” అన్నడు హెడ్మాస్టర్. “ఆ పిల్లతోని స్వాగతం చెప్పిద్దాం, అబ్బాయితోని మన స్కూల్ గురించి వ్యాసం చెప్పిద్దాం.”

స్వాగతం మాట ఆయనే తయారుచేసిండు. ‘వి వెల్కమ్ ది ఆఫీసర్ హూ హాజ్ కమ్ టు అవర్ స్కూల్.’ నేను చూసిన, తప్పు లేదు. జ్వరం తగ్గి వచ్చిన పిల్లతోని చెప్పించిన. గలగల చెప్పింది. ఇగ దేనికి అనుమానపడాలె?

సాహేబ్ వచ్చే రోజు బడంత కడిగి, ముగ్గులేసినం. హెడ్మాస్టర్ మొఖానికి పౌడర్ కొట్టుకొని, చేతిల బంతిపూల దండ పట్టుకొని గేటు కాడ నిలబడ్డడు. జీపు వచ్చింది. ముందు సీట్ల నుంచి కోటు వేసుకున్న ఒకాయన దిగిండు. మా సారు ఉరికిపోయి, ‘వెల్కమ్ సర్, వెల్కమ్ సర్’ అనుకుంట ఆయన మెడల దండ వేసిండు. ఆయన కంగారుపడి వెనుక సీటు దిక్కు చెయ్యి చూపెట్టిండు. ఆయన గుమాస్తా. వెనుక నుంచి నూలు చీర కట్టుకొని, నెరిసిన జుట్టుతోని, నల్ల అద్దాలు పెట్టుకొని ఒకామె దిగింది. ఆఫీసర్ ఆమె. సాహేబ్ అంటే మొగోడే ఉంటడని మా అందరికి ఎట్ల అనిపించిందో ఇప్పటికి తెల్వదు. గుమాస్తా మెడల దండ తీసుడు బాగుండదని, ఇంకో దండ లేదని, ఆమెకు చెయ్యెత్తి దండం పెట్టిండు మా సారు.

పిల్ల ముందుకొచ్చింది. ఆఫీసర్‌ను కింది నుంచి మీది దాక చూసింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత గట్టిగ, స్పష్టంగ చెప్పింది.

“వి వెల్కమ్ ది మేడం విచ్ హాజ్ కమ్ టు అవర్ స్కూల్.”

ఆఫీసర్ మేడం నల్ల అద్దాలు తీసింది. “విచ్?”

“ఎస్ మేడం,” అన్నది పిల్ల సంతోషంగ.

హెడ్మాస్టర్‌కు పౌడర్ మీద చెమట కాలువలు కట్టింది. “సారీ మేడం, వెరీ సారీ, అడవి పిల్ల.” “ఇంగ్లిషు ఎవరు చెప్తరు?” అని ఆమె అడిగింది. మా సారు నన్ను చూపెట్టి, “దిస్ ఈజ్ ది టీచర్ విచ్...” అని, మిగిలింది మింగిండు. నా వెనుక మరాఠీ మేడం కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఆఫీసర్ మేడం పిల్లను మరాఠీల అడిగింది. “నీకు నేర్పింది హూ అనే కదా? ఎందుకు మార్చినవ్?”

“సాహేబ్ వస్తరన్నరు, హూ అని నేర్చుకున్న. మీరొచ్చిండ్రు గద మేడం. మొగోళ్ళకు జో, అది హూ. ఆడోళ్ళకు జీ, అది విచ్.”

“అంటే ఆడది వస్తువా?”

పిల్ల జర ఆలోచించింది. “కాదు మేడం. మా గోండిల గూడ మొగోళ్ళదే వేరే లెక్క. మిగిలినయన్ని ఒక్క దిక్కు. అమ్మ, ఆవు, చెట్టు, వాన, చందమామ. మొగోళ్ళు జరంతమందే ఉన్నరు. మేమే ఎక్కువ.”

ఎవరు నవ్వలే. ఆఫీసర్ మేడం గూడ నవ్వలే. “క్లాసుకు నడువుండ్రి,” అన్నది.

క్లాసుల నా చేతిల సుద్దముక్క గుంజుకొని ఆమెనే పాఠం మొదలుపెట్టింది. మనుషులందరికి హూ, ఆడ మగ ఎవరైనా సరే అని మరాఠీల మంచిగనే చెప్పింది. గని మా వెనుక బెంచీని ఆమె ఎరుగదు. అక్కడి నుంచి ఒకడు లేచి, “మేడం, దయ్యానికి?” అన్నడు.

“దయ్యం...” అని ఆమె ఆగింది.

“ఆడ దయ్యమా, మొగ దయ్యమా అడుగురా,” అని పక్కోడు అందించిండు.

“ఇప్పుడే చెప్పిన కదా, ఆడ మగ తేడా లేదని!”

“మరి సచ్చిపోయినంక మనిషేనా మేడం?”

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టింది. “కనబడ్డ రోజు దాన్నే అడిగి నాకు చెప్పు,” అన్నది. క్లాసు పొట్ట పట్టుకొని నవ్వింది. ముందు బెంచీల మా పిల్ల మాత్రం నవ్వలే. బోర్డు దిక్కే చూస్తున్నది, పెదవులు కదులుతున్నయి.

తర్వాత సేటు కొడుకు వ్యాసం అప్పజెప్పిండు. ఒక్క తప్పు లేదు. హెడ్మాస్టర్ రూముల ఆఫీసర్ మేడం చాయ తాగినంక, మరాఠీ మేడం వచ్చి నా చెవిల వేసింది. “అయిపోయింది బాయి. అబ్బాయినే తీసుకుంటది. వాని ఇంగ్లిషుల తప్పు లేదన్నది.”

నాకు ఏమైందో తెల్వదు. మామూలుగ నేను ఆఫీసర్ల ముంగట నోరు తెరిచే మనిషిని కాదు. జీపు కాడికి ఉరికిన. ఆమె ఎక్కబోతున్నది.

“మేడం, జర ఆగుండ్రి. ఆ పిల్ల తప్పు మాట్లాడింది, నిజమే. గని మిమ్మల్ని చూసి మాట మార్చింది. ఆ క్షణంల ఆలోచన చేసింది. వేరేటోళ్ళైతే, జీపుల నుంచి బర్రె దిగినా బట్టీ పట్టిందే చెప్పేటోళ్ళు!”

నోరు జారినంక తెలిసింది ఏమన్ననో. గుమాస్తా దండ సర్దుకున్నడు. హెడ్మాస్టర్ కండ్లు మూసుకున్నడు.

“అంటే నేను బర్రెనా?” అన్నది ఆఫీసర్ మేడం.

“కాదు మేడం, మీరు హూ,” అన్న.

ఆమె నన్ను చూసింది, ఎండను చూసింది, “ఇద్దరిని పిలువుండ్రి,” అన్నది. పిల్లలిద్దరు వచ్చిండ్రు. “మీ ఎదురుంగ ఏం కనబడుతున్నదో చెప్పుండ్రి. ఇంగ్లిషుల. ఇప్పుడే.”

సేటు కొడుకు గొంతు సర్దుకొని, “అవర్ స్కూల్ ఈజ్ సిచువేటెడ్...” అని వ్యాసం మొదటి నుంచి ఎత్తుకున్నడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. పాపం, వాని ఎదురుంగ వ్యాసమే కనబడుతున్నది.

పిల్ల చుట్టు చూసింది. స్టీరింగ్ మీద తల పెట్టి డ్రైవర్ గురక పెడుతున్నడు. “ది మ్యాన్ హూ డ్రైవ్స్ ది జీప్ ఈజ్ స్లీపింగ్,” అన్నది. తర్వాత జీపు దిక్కు తిరిగి, “ది జీప్ విచ్ కేమ్ ఫ్రమ్ గడ్చిరోలి ఈజ్ డర్టీ.” ఇగ చాలు తల్లీ అని నేను మనసుల మొక్కుకుంటున్న. ఆమె ఆఫీసర్ దిక్కు తిరిగింది. మళ్ళ ఒక్క క్షణం ఆగింది.

“ది మేడం హూ ఈజ్ యాంగ్రీ ఈజ్ స్టాండింగ్ ఇన్ ది సన్.”

కోపంతో ఎండల నిలబడ్డ మేడం ఒక్క అడుగు వెనక్కి వేసి నీడల నిలబడ్డది. అప్పుడు నవ్వింది, మూతి బిగబట్టుకొని. “ఈ పిల్ల పేరు రాసుకో,” అని గుమాస్తాతోని చెప్పి జీపెక్కింది. గుమాస్తా బంతిపూల దండతోనే ఎక్కిండు. అట్లనే గడ్చిరోలి దాక పోయిండేమో.

తర్వాత ఏమైందని అడుగుతరు. అంతా సినిమాల లెక్క అయిందనుకోకుండ్రి. నాగపూర్ల ఆ పిల్ల మొదటి ఏడు ఇంగ్లిషులనే ఫెయిల్ అయింది. సెలవులకు వచ్చి నన్ను చూసి నవ్వింది, నేనే ఏడ్చిన. మళ్ళ రాసి పాసయింది. నర్సు చదివింది. ఇప్పుడు చంద్రపూర్ దిక్కు ఒక దవాఖానల పనిచేస్తున్నది. రోగుల చుట్టాలను గోండిల, తెలుగుల, మరాఠీల తిడుతదట. డాక్టర్లను మాత్రం ఇంగ్లిషుల తిడుతదట. సేటు కొడుకుకు సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నది, మా అందరికంటె మంచిగున్నడు. హెడ్మాస్టర్ బదిలీ దొరికి అమరావతి పోతూ పోతూ నన్ను ఇంగ్లిషుల పొగిడిండు. అది పొగుడుడో తిట్టుడో మరాఠీ మేడం, నేను ఇంకా తేల్చలే.

నాకు బాగ యాదికున్నది మాత్రం ఆ పిల్ల నాగపూర్ పోయిన రోజు. వాళ్ళమ్మ బిడ్డను సాగనంపుదామని సిరోంచ బస్టాండుకు వచ్చింది. బట్ట మూటల అడవిల ఏరి ఎండబెట్టిన చార పప్పు తెచ్చింది. ఆమెకు గోండి తప్ప వేరే మాట రాదు. మా ఇద్దరి నడుమ పిల్లనే అటిటు మాట అందించింది. “అక్కడ తిండి సరిగ పెడతరా అని అమ్మ అడుగుతున్నది మేడం.” పెడతరని చెప్పు అన్న. “కొడతరా అని అడుగుతున్నది.” నువ్వు తిరిగి కొట్టకుంటే చాలని చెప్పు అన్న. పిల్ల అది చెప్పలే, నవ్వింది.

నాగపూర్ బస్సు వచ్చింది. అది ఎక్స్‌ప్రెస్సు, వాళ్ళ ఊరి దారి కాడ ఆగదు. పిల్ల ఒక్కతే ఎక్కింది. అమ్మ తన బస్సు కోసం ఆగాలె. బస్సు మలుపు తిరిగేదాక ఆమె చెయ్యి ఎత్తే ఉంచింది. తర్వాత వచ్చి నా పక్కన బెంచీ మీద కూసున్నది. కూసొని మాట్లాడుడు మొదలుపెట్టింది.

అంతా గోండిల. నాకు ఒక్క ముక్క తెల్వదని ఆమెకు తెలుసు. మాట అందించే పిల్ల బస్సుల పోయింది. అయినా చెప్తనే ఉన్నది. చేతులతోని ఇంత ఎత్తు అని చూపెట్టింది, బిడ్డ చిన్నగున్నప్పటిదనుకుంట. నడుమల ఒకసారి గట్టిగ నవ్వింది, నేను నవ్విన. ఒకసారి కొంగుతోని కండ్లు తుడుచుకున్నది, నేను ఆమె చెయ్యి పట్టుకున్న. ఇంట్ల వంట కాలేదు, మా ఇంటాయన ఎదురుచూస్తుంటడు, లేవాలనుకున్న. లేవలే.

వాళ్ళ బస్సు వచ్చింది. చార పప్పు సగం నా ఒళ్ళ పోసి ఎక్కింది. కిటికీ కాడ కూసొని, బస్సు కదులుతుంటె గూడ నా దిక్కు వంగి ఏదో చెప్పింది. గట్టిగ, గాబరాగ, చాన ముఖ్యమైందే ఏదో.

“సరే అక్కా,” అన్న నేను తెలుగుల. “నీ బిడ్డకు తప్పకుంట చెప్త.”